గోరుతో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవద్దు

తనఖా దస్తావేజుల్లో నంబర్ల తప్పులు - కోర్టు ద్వారా దిద్దుబాటు

పొలం గట్టు జానెడు జరిగితే ఊరంతా పోగవుతుంది. పెద్దమనుషులు వస్తారు, గొలుసు తెప్పిస్తారు, సర్వేయరును పిలిపిస్తారు. అదే పొలం తాలూకు తనఖా దస్తావేజులో సర్వే నంబరు తారుమారైతే మాత్రం ఏళ్ల తరబడి ఎవరికీ పట్టదు. గట్టు కంటికి కనిపిస్తుంది. నంబరు కాగితంలో ఉంటుంది. ఆ కాగితం అప్పిచ్చినవాడి పెట్టెలో ఉంటుంది. అప్పు తీరే రోజో, తీరక కోర్టుకెక్కే రోజో వస్తే గాని దాన్ని విప్పి చదివేవారుండరు. చదివిన నాడు తల పట్టుకోవడం పల్లెల్లో పరిపాటి అయిపోయింది.

ఒక రైతుకు 214/2 నంబరులో రెండెకరాల మాగాణి ఉందనుకుందాం. బోరు వేయడానికో, ఆడపిల్ల పెళ్లికో డబ్బు కావలసి వచ్చి ఆ పొలాన్ని తనఖా పెట్టాడు. దస్తావేజు రాసేటప్పుడు 214/2 కాస్తా 241/2 అయింది. విస్తీర్ణం సరిగానే ఉంది. నాలుగు హద్దులూ సరిగానే ఉన్నాయి. అంకెలు మాత్రం అటుదిటు అయ్యాయి. రాసినవాడు చూడలేదు. అప్పు తీసుకున్నవాడు డబ్బు ఆత్రంలో చూడలేదు. ఇచ్చినవాడు పొలం తనకు తెలిసిందే గదా అని చూడలేదు. ఇద్దరు సాక్షులూ చూపించిన చోట సంతకాలు పెట్టారు. రిజిస్ట్రేషను జరిగిపోయింది. ఊరికి ఆ చివర 241/2 నంబరు పొలం దున్నుకుంటున్న మరో రైతుకు ఈ సంగతి ఏమీ తెలియదు.

ఇటువంటి తప్పును దిద్దుకోవడానికి చట్టంలో దారి ఉంది. ఒకటి కాదు, మూడు నాలుగు దారులున్నాయి. అయితే మొదటి రోజున ఒక్క పూటలో అయ్యే పని పదేళ్ల తర్వాత పది వాయిదాలకైనా తెమలదు. రైతులు గ్రహించవలసిన అసలు విషయం ఇదే.

తప్పు ఎక్కడ పుడుతుంది?

ఎక్కువ తప్పులు దురుద్దేశంతో జరిగేవి కావు. పాత దస్తావేజు ముందు పెట్టుకుని కొత్తది రాయడంలో జరిగేవి. అంకెలు అటుదిటవుతాయి. సబ్‌డివిజను అక్షరం ఎగిరిపోతుంది. 87/3ఎ అని రాయవలసిన చోట 87/3 అని రాస్తే ఒక ముక్కకు బదులు మూడు ముక్కలు తనఖా పడినట్టు అర్థమొస్తుంది. తూర్పు హద్దు పడమరకు, పడమర హద్దు తూర్పుకు పోతుంది.

విస్తీర్ణంలో మరో చిక్కు ఉంది. ఆంధ్ర జిల్లాల్లో ఎకరానికి నూరు సెంట్లు. తెలంగాణ జిల్లాల్లో ఎకరానికి నలభై గుంటలు. తెలంగాణ కాగితంలో 1-20 అంటే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరన్నర. అదే అంకెను ఆంధ్రలో రాస్తే ఎకరం ఇరవై సెంట్లు. తేడా ముప్ఫై సెంట్లు. సరిహద్దు గ్రామాల్లో ఒకవైపు లెక్కను మరోవైపు రాతలో దించితే ఆ ముప్ఫై సెంట్లూ తగాదాలో పడతాయి.

హద్దుల రాత సంగతి చెప్పనక్కరలేదు. "తూర్పు: ఫలానా వారి పొలం" అని తాతల నాటి దస్తావేజులో ఉన్నదే నేటికీ దించుతారు. ఆ ఫలానా వారు ఎప్పుడో పోయారు. ఆ పొలం మూడు చేతులు మారింది. కొత్తగా వచ్చిన వారెవరికీ ఆ పేరు తెలియదు.

పాలనలో వచ్చిన మార్పులు దీనికి తోడయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1984లో కరణాల వ్యవస్థ పోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను జిల్లాలు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. అది పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్.పి. నంబర్లు వచ్చాయి. మండలం పేరో, జిల్లా పేరో మారినంత మాత్రాన పాత తనఖా చెల్లకుండా పోదు. కాని పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూపే కాగితం చేతిలో లేకపోతే, పదేళ్ల నాటి తనఖా ఏ ముక్క మీదో చెప్పడం కష్టమవుతుంది.

ముగ్గురికీ ముప్పే

తప్పు నంబరు వల్ల అప్పిచ్చినవాడొక్కడే నష్టపోతాడని కొందరనుకుంటారు. అది పొరపాటు.

రిజిస్ట్రేషను కార్యాలయంలో ఆస్తుల జాబితాను నంబర్ల వారీగా రాస్తారు. 214/2కు ఈ.సి. తీస్తే అందులో తనఖా కనిపించదు. బాకీ లేదనుకుని మరొకరు ఆ పొలాన్ని కొనవచ్చు. అలా తెలియక సొమ్ము పోసి కొన్నవాడి హక్కుకు చట్టం రక్షణ ఇస్తుంది. అప్పిచ్చినవాడి హామీ గాలిలో కలిసిపోవచ్చు.

ఇక 241/2 రైతు. అతను బ్యాంకులో పంట అప్పుకు వెళ్తాడు. ఈ.సి. తీస్తే తన పొలం మీద ఎవరిదో తనఖా ఉంటుంది. అప్పు ఆగిపోతుంది. ఏనాడూ సంతకం పెట్టని బాకీకి అతను ఆఫీసుల చుట్టూ తిరగాలి. "ఏం బావా, నా పొలం కుదువబెట్టి నువ్వు డబ్బు తెచ్చుకున్నావటగదా?" అని రచ్చబండ దగ్గర నిలదీస్తే, అప్పు తీసుకున్నవాడు చెప్పగల జవాబేముంది?

అప్పు తీసుకున్న రైతుకూ సుఖం లేదు. అణా పైసలతో బాకీ తీర్చినా, చెల్లు దస్తావేజు కూడా అదే తప్పు నంబరుతో రాస్తారు. నిజంగా తనఖా పెట్టిన పొలానికి, చెల్లు రాసిన పొలానికి పొంతన కుదరదు. రేపు పిల్లలు పంచుకునేటప్పుడు ఈ తకరారు మళ్లీ తలెత్తుతుంది.

ఇద్దరూ కలిస్తే ఒక్క పూట పని

అప్పు ఇచ్చినవారు, తీసుకున్నవారు ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టు గడప తొక్కనక్కరలేదు. సవరణ దస్తావేజు రాసుకుని అదే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించుకుంటే చాలు. అందులో పాత దస్తావేజు నంబరు, సంవత్సరం, దానిలో పడిన తప్పు రాత, ఉండవలసిన సరైన రాత విడివిడిగా చూపాలి. పాత దస్తావేజు మీద కొట్టివేసి, పైన కొత్త అంకె వేసి, పక్కన సంతకం పెట్టుకుంటే చెల్లదు. అటువంటి కొట్టివేతలు తర్వాత ఫోర్జరీ ఆరోపణలకు దారితీస్తాయి.

తనఖా పెట్టినవారు చనిపోయి ఉంటే వారసులందరూ సంతకాలు పెట్టాలి. పెద్దకొడుకు ఒక్కడు పెడితే సరిపోదు. ఆడపిల్లలకూ వాటా ఉన్న సంగతి మరువరాదు.

మరొకటి కూడా చూసుకోవాలి. కొన్ని సందర్భాల్లో తప్పు తనఖా దస్తావేజులో పుట్టదు. పొలం కొన్న నాటి క్రయ దస్తావేజులోనే ఉంటుంది. తనఖా దస్తావేజు దాన్ని చూసి రాసిందే. అటువంటప్పుడు తనఖాను ఒక్కదాన్నే దిద్దితే చాలదు. పొలం అమ్మినవారినో, వారి వారసులనో పట్టుకుని క్రయ దస్తావేజును కూడా సవరించుకోవాలి. వేరు కుళ్లితే కొమ్మకు మందు కొట్టి ప్రయోజనం లేదు.

ఒకరు రానంటే

సవరణకు రమ్మంటే రెండో పక్షం మొహం చాటేయడం తరచు జరిగేదే. అప్పు తీసుకున్నవాడు తప్పు తనకు కలిసొచ్చిందనుకుంటాడు. అప్పిచ్చినవాడు ఇంకో రెండు కాగితాల మీద సంతకం పెడితేనే వస్తానంటాడు. అప్పుడు కోర్టుకు పోక తప్పదు.

1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 26వ సెక్షను ఇందుకోసమే ఉంది. ఇద్దరి మనసులో ఒక పొలం ఉండి, ఇద్దరి పొరపాటు వల్లనో, ఒకరి మోసం వల్లనో కాగితంలో మరో పొలం పడితే, ఆ కాగితాన్ని సరిదిద్దమని ఎవరైనా దావా వేయవచ్చు. వారి వారసులు, హక్కుదారులు కూడా వేయవచ్చు. అప్పటికే ఆ దస్తావేజు మీద వేరే దావా నడుస్తుంటే అందులోనే వాది ఈ కోరిక కోరవచ్చు. ప్రతివాది కూడా తన జవాబులో కోరవచ్చు.

ఇక్కడ మూడు షరతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, పొరపాటు ఇద్దరిదీ అయి ఉండాలి. ఒకరు ఒక పొలం, రెండోవారు మరో పొలం అనుకుని సంతకాలు పెడితే ఈ సెక్షను అక్కరకు రాదు. అసలు ఒప్పందమేమిటో, తప్పు ఎలా పడిందో స్పష్టంగా చెప్పి, రుజువు చేయాలని 2013లో సుప్రీంకోర్టు కూడా నొక్కి చెప్పింది. రెండోది, కోరకపోతే కోర్టు ఇవ్వదు. దావాలో సవరణ కావాలని విడిగా అడగాలి. అడగడం మరిచిపోతే, దావాను సవరించుకుని అడగడానికి ఏ దశలోనైనా అవకాశం ఇవ్వాలని అదే సెక్షను చెబుతోంది. మూడోది, మధ్యలో మంచి నమ్మకంతో సొమ్ము పోసి కొన్న మూడోవాడి హక్కుకు భంగం కలిగేటట్లయితే కోర్టు సవరణ చేయదు. అందుకే ఆలస్యం పనికిరాదు.

గడువు మూడేళ్లు. తప్పు తెలిసిన నాటి నుంచి, లేదా తగిన శ్రద్ధ చూపితే తెలిసి ఉండవలసిన నాటి నుంచి లెక్క. "మొన్ననే తెలిసింది" అంటే చాలదు. మొన్నటి దాకా ఎందుకు తెలియలేదో కూడా చెప్పగలగాలి. ఈ.సి. తీసిన తేదీ, నోటీసు అందిన తేదీ చూపే కాగితాలను భద్రపరచుకోవాలి.

రుజువు ఎలా అంటే, రాతపూర్వకమైన దస్తావేజుకు విరుద్ధంగా నోటి సాక్ష్యం సాధారణంగా పనికిరాదు. కాని రాతలోనే పొరపాటు పడిందని చూపడానికి నోటి సాక్ష్యం ఇవ్వవచ్చు. పాత సాక్ష్య చట్టంలో ఉన్న ఈ వెసులుబాటు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఉంది. దస్తావేజు రాసిన లేఖరి, ఇద్దరు సాక్షులు, హద్దు పొలాల రైతులు చెప్పే మాటకు బలముంటుంది. అంతకు మించి అడంగలు, పహాణీ, సర్వే పటం, పాసుపుస్తకం, శిస్తు రసీదులు మాట్లాడతాయి. అవసరమైతే కోర్టు అడ్వకేటు కమిషనరును నియమించి, సర్వేయరు సాయంతో పొలం కొలిపించి నివేదిక తెప్పించుకుంటుంది.

దావా నడుస్తుండగా, డిక్రీ అయ్యాక

తనఖా బాకీ దావాలో కాగితం మీద కాగితం పుడుతుంది. దస్తావేజు చూసి దావా షెడ్యూలు రాస్తారు. దావా చూసి ప్రాథమిక డిక్రీ, దాన్ని చూసి తుది డిక్రీ, దాన్ని చూసి వేలం ప్రకటన, చివరకు కొనుగోలుదారుకు అమ్మకం సర్టిఫికెట్టు. మొదట పడిన తప్పు చివరి దాకా దిగుతుంది. లేదా మొదట సరిగా ఉన్నది మధ్యలో తప్పుతుంది. తప్పు ఏ మెట్టులో పడిందో తెలుసుకుంటే గాని ఏ దారి పట్టాలో తెలియదు.

దస్తావేజు సరిగా ఉండి దావాలో తప్పు పడితే, దావాను సవరించమని దరఖాస్తు పెట్టుకోవాలి. విచారణ మొదలు కాకముందే పెట్టుకోవడం మేలు. మొదలయ్యాక అయితే, శ్రద్ధ వహించినా ముందు పెట్టలేకపోయామని కోర్టును నమ్మించాలి.

దస్తావేజు, దావా రెండూ సరిగా ఉండి డిక్రీ టైపు చేసేటప్పుడు తప్పు పడితే పని మరీ సులువు. సివిల్ ప్రొసీజర్ కోడు 152వ సెక్షను కింద ఆ కోర్టే దిద్దుతుంది. దీనికి గడువు లేదు. ఎవరూ అడగకపోయినా కోర్టు తనంత తాను దిద్దవచ్చు. అయితే ఈ సెక్షను చేతిరాత తప్పులకు, లెక్క తప్పులకు, పరాకున దొర్లిన వాటికి మాత్రమే. డిక్రీలో లేని కొత్త హక్కును ఈ దారిన చొప్పించడానికి వీల్లేదు.

దస్తావేజులోనే తప్పు ఉండి దావా దాకా దిగి వస్తే 26వ సెక్షను సాయంతో మూలాన్ని దిద్దాలి. ఇందుకు మళ్లీ వేరే దావా వేయాలా అన్న ప్రశ్న 2008లో రాజస్థాన్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది తనఖా కేసు కాదు, పొలం అమ్మకం ఒప్పందం కేసు. ఒప్పందంలోను, దావాలోను పొలం ఉన్న చోటును తెలిపే నంబరు తప్పు పడింది. వేరే దావా అక్కరలేదని, నడుస్తున్న దావాలోనే సవరణ కోరవచ్చని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కింది కోర్టులో నలుగుతున్న రైతుకు ఇది పెద్ద ఊరట.

నంబరు తప్పితే అప్పు తప్పదు

పల్లెల్లో ఒక ప్రచారం ఉంది. నంబరు తప్పు పడింది గనుక తనఖా చెల్లదు, బాకీ కట్టనక్కరలేదు అని సలహా చెప్పేవారు ఊరికొకరుంటారు. ఈ మాట నమ్మి రెండు కోర్టుల్లో ఓడి, ఖర్చులతో సహా కట్టి, పొలం కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

అప్పు అప్పే. కాగితంలో నంబరు తప్పినంత మాత్రాన తీసుకున్న డబ్బు తీసుకోనట్టు కాదు. పైగా, పొలం ఏదో మిగతా వివరాల వల్ల తేటతెల్లంగా తెలుస్తుంటే, కోర్టులు ఒక్క అంకెను పట్టుకుని వేలాడవు. 1960ల తొలి సంవత్సరాల్లో బీహారు నుంచి సుప్రీంకోర్టుకు వచ్చిన తనఖా కేసు ఇందుకు తార్కాణం. అక్కడ తనఖా ఆస్తిలో ఉన్న ముక్క నంబరు 1060. కాగితాల్లో ఒక సున్న ఎగిరిపోయి 160 అని పడింది. వేలం జరిగింది. 1060 తన చేయి దాటలేదని అవతలి పక్షం వాదించింది. ఖాతా నంబరు, విస్తీర్ణం, హద్దులు అన్నీ 1060కే సరిపోతున్నాయని, ఆ ఖాతాలో 160 అనే ముక్కే లేదని సుప్రీంకోర్టు గమనించింది. ఇది వర్ణనలో తప్పే గాని ఆస్తి ఏదన్న విషయంలో సందేహం లేదని, వేలంలో పోయింది 1060 నంబరు ముక్కేనని తేల్చింది.

అలాగని ప్రతి కేసూ ఇలాగే తేలుతుందనుకోరాదు. అక్కడ 160 అనే ముక్క ఆ ఖాతాలో లేదు. ఇక్కడ 241/2 అనే పొలం ఉంది, దానికి యజమాని ఉన్నాడు. హద్దులు కూడా తప్పి ఉంటే చెప్పనక్కరలేదు. నాలుగు వివరాల్లో మూడు సరిగా ఉంటే నాలుగోది దిద్దుకోవచ్చు. మూడు తప్పి ఒకటే మిగిలితే కోర్టు కూడా ఏమీ చేయలేదు.

అప్పిచ్చినవారికి మరో హెచ్చరిక. తనఖా ఆస్తి మీద బాకీ వసూలుకు దావా వేయడానికి గడువు బాకీ ఇవ్వవలసిన నాటి నుంచి పన్నెండేళ్లు. ఇంకా చాలా కాలముంది గదా అని నంబరు తప్పును కూడా అన్నేళ్లు నానబెడితే, సవరణకున్న మూడేళ్ల గడువు ఎప్పుడో దాటిపోతుంది. తనఖా విడిపించుకోవడానికి మాత్రం తనఖా పెట్టిన రైతుకు ముప్ఫై ఏళ్ల గడువుంది.

సంతకం పెట్టని రైతు ఏం చేయాలి?

అందరికంటె అన్యాయమయ్యేది 241/2 రైతు. ఏ సంతకమూ పెట్టలేదు. ఏ అప్పూ తినలేదు. ఒక రోజు కోర్టు అమీనా వచ్చి పొలం స్వాధీనం చేయమంటాడు. ఆ రోజున కర్రలు పట్టుకుని నిలబడటం కంటె కాగితాలు పట్టుకుని కోర్టుకు పోవడం మంచిది. తన హక్కు విచారించిన తర్వాతే స్వాధీనం ఇవ్వాలని అమలు జరిపే కోర్టులోనే అభ్యంతరం చెప్పుకోవచ్చు. అప్పటికే పొలం లాగేసుకుంటే ముప్ఫై రోజుల్లోగా అదే కోర్టులో పిటిషను వేయాలి. ఈ ముప్ఫై రోజుల సంగతి తెలియక పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ గడువు దాటబెట్టుకోరాదు.

దీనికంటె మేలైన పని, ఏడాదికొకసారి తన పొలానికి ఈ.సి. తీయించుకుని చూసుకోవడం. ఎవరి బాకీయో తన నంబరు మీద పడి ఉంటే అప్పుడే తెలుస్తుంది.

దిద్దుబాటు ముసుగులో కొత్త బాకీ వద్దు

సవరణ అంటే తప్పును దిద్దడమే గాని కొత్తది చేర్చడం కాదు. నంబరు సరిచేద్దాం రమ్మని పిలిచి, పక్కనున్న మరో అరెకరాన్ని కూడా షెడ్యూలులో చేర్చేవారుంటారు. వడ్డీ రేటు మార్చేవారుంటారు. అది సవరణ కాదు. కొత్త తనఖా. సంతకం పెట్టే ముందు పాత దస్తావేజు పక్కన పెట్టుకుని, మాట మాటా పోల్చి చదివించుకోవాలి. చదువు రానివారు తమ మనిషి చేత చదివించుకోవాలి గాని, అవతలి పక్షం మనిషి చదివింది విని వేలిముద్ర వేయరాదు. అటు తప్పు నంబరును అడ్డం పెట్టుకుని బాకీ ఎగ్గొట్టాలని చూడటం ఎంత తప్పో, దిద్దుబాటు పేరుతో బీదవాడి పొలం మింగాలని చూడటం అంతకంటె పెద్ద తప్పు.

ఎవరెవరు ఏం చేయాలి?

రిజిస్ట్రేషను చట్టం 1908 నాటిది. ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వివరం లేని దస్తావేజును రిజిస్ట్రేషనుకు తీసుకోరాదని అందులో అప్పుడే రాశారు. ఆచరణలో షెడ్యూలు నిండిందా లేదా అని చూస్తున్నారే తప్ప, నిండింది నిజమా కాదా అని చూసేవారు తక్కువ. ప్రతి తనఖా దస్తావేజుకూ సర్వే పటం నకలు జతచేయడం తప్పనిసరి చేస్తే సగం తగాదాలు పుట్టనే పుట్టవు. రిజిస్ట్రేషను సమయంలో షెడ్యూలును ఇద్దరికీ బిగ్గరగా చదివి వినిపించడం సబ్ రిజిస్ట్రార్లకు పెద్ద భారం కాదు. హద్దులు రాసేటప్పుడు మనుషుల పేర్లతో పాటు డొంక, పంటబోదె, చెరువు కట్ట వంటి కదలని గుర్తులను కూడా చేర్చడం దస్తావేజు లేఖర్ల బాధ్యత.

సహకార సంఘాలు, బ్యాంకులు తమ దగ్గరున్న తనఖా కట్టలను దావాకు ముందు కాదు, ఇప్పుడే విప్పి చూడాలి. రీసర్వే అయిన గ్రామాల్లో పాత నంబరుకు కొత్త నంబరు రాయించుకోవాలి. తప్పు కనబడితే రైతును పిలిచి, సవరణ ఖర్చు తామే భరించడం ధర్మం. తప్పు ఇద్దరిదీ అయినప్పుడు ఖర్చు బీదవాడి నెత్తిన వేయడం న్యాయం కాదు.

కోర్టుల విషయానికొస్తే, షెడ్యూలు తగాదా ఉన్న దావాల్లో పొలాన్ని మొదటే కొలిపిస్తే మంచిది. సాక్షులందరి విచారణా ముగిసి, వాదనలు విని, డిక్రీ ఇచ్చి, అమలు దాకా వచ్చాక ఏ పొలమన్న ప్రశ్న తలెత్తడం వల్ల రెండు పక్షాల కాలమూ డబ్బూ వృథా అవుతున్నాయి. సవరణ దరఖాస్తులను ఏళ్ల తరబడి వాయిదాలు వేయకుండా ముందుగా తేల్చాలి.

ఖర్చుకు భయపడి కోర్టుకు పోని బీదలకు ఉచిత న్యాయసహాయం ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని ఇస్తారు. కోర్టు ఉన్న ఊళ్లో న్యాయ సేవల కమిటీని అడగవచ్చు. నంబరు తప్పు వంటి తగాదాలు లోక్ అదాలత్‌కు బాగా అనువైనవి. రెండు పక్షాలూ ఒప్పుకుంటే అక్కడ వచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలుండదు. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది.

చివరగా రైతు చేతిలో ఉన్న పని ఒకటుంది. దానికి కోర్టు అక్కరలేదు, ప్లీడరు అక్కరలేదు. సంతకం పెట్టే ముందు పాసుపుస్తకం ఒక చేత్తో, దస్తావేజు ఒక చేత్తో పట్టుకుని నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు పోల్చి చూసుకోవడం. దానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు తీరిక లేదన్న రైతు, తర్వాత పదేళ్లు కోర్టు వరండాలో కూర్చోవలసి వస్తుంది. ఇప్పటికే సంతకం పెట్టి ఉన్నవారు ఈ వారమే నకలు తెప్పించుకుని చూసుకోవాలి. తప్పు లేకపోతే నిశ్చింత. ఉంటే, అవతలివాడు ఊళ్లో ఉండగానే, సాక్షులు బతికుండగానే, పొలం మరొకరి చేతికి పోకముందే దిద్దుకోవచ్చు.